ముందు తిరుగు పడవ సంగతి: కేప్ లుకౌట్ దీవుల్లో రెండు రాత్రులు

(నార్త్ కరోలినా ట్రయాంగిల్ ప్రాంతంలోని, అంటే రాలీ, డర్హమ్, చాపెల్ హిల్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల కోసం ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా అండీ? సరే. ఈ మధ్య ఎవరిని కదిపినా మన నార్త్ కరోలినా తీరంలోని కేప్ లుకౌట్ దీవులకి వెళ్దామంటున్నారు. వంతెన లేదు, రోడ్డు లేదు, కొట్టు లేదు, కరెంటు లేదు, పైగా టెంట్ వేసుకోవడానికి పైసా కట్టక్కర్లేదు. వినడానికి బావుంది కదా? అందుకే ఒక మాట అడుగుతాను. ప్లాన్ వేసుకున్నవాళ్ళు ఉన్నారు ఇక్కడ. మీ కాగితంలో మొదటి గీత ఏమిటి? శుక్రవారం పొద్దున్న ఆరింటికి కేరీలో బయలుదేరడం. అవునా? కొట్టేయండి. మొదటి గీత తిరుగు పడవ. ఆదివారం ఆఖరి పడవ ఎన్నింటికి, అది రాకపోతే మనం ఏం తింటాం, ఏం తాగుతాం. అక్కణ్ణుంచి వెనక్కి రాసుకుంటూ రావాలి.

పడవ ఎందుకు రాదు? గాలి వల్ల. ఇవాళ నేను చెప్పేది తిప్పి తిప్పి గాలి గురించే. టెంట్ ఎటు తిప్పాలో గాలి చెబుతుంది, దోమలు ఉంటాయో ఉండవో గాలి చెబుతుంది, పొయ్యి వెలుగుతుందో లేదో గాలి చెబుతుంది. ఇంటికి ఎప్పుడు వస్తారో కూడా అదే చెబుతుంది.

కాకినాడ వాళ్ళు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. ఉన్నారు. హోప్ ఐలాండ్ తెలుసు కదా, గోదావరి తెచ్చిన ఇసుక సముద్రంలోకి పొడుగ్గా సాగి, రేవుకి అడ్డుగోడలా నిలబడింది. కేప్ లుకౌట్ కూడా చూడ్డానికి అలాంటిదే, కాకపోతే చాలా పొడుగు. 56 మైళ్ళ ఇసుక పట్టీ. 1966లో దీన్ని నేషనల్ సీషోర్, అంటే కేంద్ర ప్రభుత్వం చూసుకునే తీరపు పార్కు చేశారు. ముఖ్యంగా మూడు ముక్కలు: పైన నార్త్ కోర్ బ్యాంక్స్, కింద సౌత్ కోర్ బ్యాంక్స్, పడమటికి తిరిగి పడుకున్నట్టు షాకిల్‌ఫర్డ్ బ్యాంక్స్. మధ్యమధ్యలో సముద్రం కోసుకున్న దారులు. వాళ్ళు ఇన్‌లెట్ అంటారు, మన కోస్తావాళ్ళు మొగ అంటారు. దీవికీ అసలు ఒడ్డుకీ మధ్య ఉన్న నీళ్ళని సౌండ్ అంటారు. సౌండ్ అంటే చప్పుడు కాదండీ, నవ్వకండి, మ్యాప్‌లో అలాగే ఉంటుంది: కోర్ సౌండ్, బ్యాక్ సౌండ్.

ఈ ఇసుక ఒకచోట నిలిచేది కాదు. అది గుర్తుంచుకోండి. 1933 తుఫాను బార్డెన్ ఇన్‌లెట్ తెరిచింది. 2005లో ఒఫీలియా తుఫాను ఇంకోటి తెరిచింది, దాని పేరే దానికి పెట్టారు. 2019 సెప్టెంబరులో డోరియన్ వచ్చినప్పుడు నీళ్ళు సముద్రం వైపు నుంచి రాలేదు. గాలి పామ్లికో సౌండ్ నీళ్ళని తోసుకొచ్చి, వెనకవైపు నుంచి దీవి మీదికి ఎక్కించి, అవతల సముద్రంలోకి పారించింది. నార్త్ కోర్ బ్యాంక్స్‌ని పదుల చోట్ల కోసేసింది. అందుకని పాత మ్యాప్ పట్టుకుని వెళ్ళకండి. సముద్రం వైపు ఒక్కటే చూసుకుంటే చాలనీ అనుకోకండి.

ఎక్కడికి వెళ్ళాలి? మొదటిసారి, చిన్నపిల్లలతో అయితే సౌత్ కోర్‌లో లైట్‌హౌస్ దగ్గరికి వెళ్ళండి. హార్కర్స్ ఐలాండ్ నుంచి ప్యాసింజర్ పడవ, మూడు మైళ్ళ పైచిలుకు. అక్కడ టాయిలెట్లు ఉన్నాయి, మనుషులు కనపడతారు. అడవి గుర్రాలు చూడాలంటే షాకిల్‌ఫర్డ్. అక్కడ కారు తిరగదు, దిగిన చోట నుంచి సామాను మీరే మొయ్యాలి, కానీ కాస్త చెట్టు నీడ ఉంటుంది. కోర్ బ్యాంక్స్‌లో నీడ అన్న మాటే మర్చిపోండి. కారు తీసుకెళ్ళేవాళ్ళకి డేవిస్ నుంచి, అట్లాంటిక్ అనే ఊరి నుంచి వేరే పడవలు ఉంటాయి. ఇవి చిన్న పడవలు, ఒక్కో విడతకి కొన్ని కార్లే పడతాయి, నెలల ముందే నిండిపోతాయి. పైన పోర్ట్స్‌మత్ అని ఖాళీ ఊరు ఉంది. 1753లో పుట్టింది, 1971లో ఆఖరి ఇద్దరూ ఊరు వదిలేశారు. అది పగలు చూసి రావడానికి బావుంటుంది. అక్కడ దోమలు మాత్రం విపరీతం.

ఒక చిన్న హెచ్చరిక. షాకిల్‌ఫర్డ్‌కి ఎక్కువ పడవలు బోఫర్ట్ నుంచి ఉంటాయి. ఇక్కడిది బోఫర్ట్. ఇవే అక్షరాలతో సౌత్ కరోలినాలో ఇంకో ఊరు ఉంది, దాన్ని బ్యూఫర్ట్ అంటారు. జీపీఎస్‌లో రాష్ట్రం పేరు చూసి నొక్కండి.

ఇక తేదీ. ఏప్రిల్ ఆఖరు, మే, మళ్ళీ అక్టోబరు. నన్నడిగితే ఇవే. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎండ, ఉరుములు, దోమలు. తుఫాను కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. మనకి బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు అంటే భయం, ఇక్కడ సెప్టెంబరు నడిమి రోజులు. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే సెలవు వస్తోంది కదా అని నాలుగు కుటుంబాలు కలిసి డబ్బు కట్టేస్తారు. తుఫానులు ముదిరే రోజులవి. పార్కు వాళ్ళు దీవి ఖాళీ చెయ్యమంటే చెయ్యాల్సిందే.

తేదీ విషయంలోనే ఇంకోటి. ఇంట్లో పంచాంగం క్యాలెండరు ఉంటుంది కదా, అది తియ్యండి. నిజంగానే చెబుతున్నాను. కేప్ లుకౌట్‌కి 2021లో డార్క్ స్కై పార్క్, అంటే రాత్రి ఆకాశం నల్లగా ఉండే చోటు అని గుర్తింపు వచ్చింది. పాలపుంత చూడాలంటే అమావాస్యకి వెళ్ళాలి. కానీ అమావాస్యకి పోటు పెద్దది. పౌర్ణమికీ అంతే. అష్టమి నాటికి పోటు తగ్గుతుంది, కానీ అర్ధరాత్రి దాకానో, అర్ధరాత్రి తర్వాతో చంద్రుడు ఉంటాడు. మరి ఏది కావాలి? నక్షత్రాలు కావాలంటే అమావాస్యకి వెళ్ళండి, టెంట్ ఇంకాస్త పైన వెయ్యండి. అంతే తేడా.

ఎంత పైన? లెక్క చూద్దాం. బోఫర్ట్ దగ్గర ఆటుకీ పోటుకీ తేడా మామూలుగా సుమారు 3 అడుగులు. అమావాస్య, పౌర్ణములకి ఇంకాస్త. ఒడ్డుకి కొట్టే గాలి రెండు రోజులు వీస్తే ఇంకాస్త. మీకు నిలువున ఒక్క అడుగే అనిపిస్తుంది. కానీ ఒడ్డు వాలు ముప్పై అడుగులకి ఒక అడుగు అనుకోండి, ఆ ఒక్క అడుగు నీరు ముప్పై అడుగులు లోపలికి వస్తుంది. సాయంత్రం ఆటులో చూసి "అబ్బో, ఎంత విశాలంగా ఉందో" అని ఒడ్డు మధ్యలో టెంట్ వేస్తే, తెల్లవారుజామున మూడింటికి కాళ్ళ కింద నీళ్ళు. మరి గుర్తేమిటి? ఇసుక మీద ఎండిన గడ్డి, నాచు, గవ్వలు ఒక గీతలా పేరుకుని ఉంటాయి. అలాంటి గీతలు రెండు మూడు కనపడతాయి. అన్నిటికంటే పైది ఎక్కడుందో చూసి, దానికీ ఇసుక దిబ్బ మొదలుకీ మధ్యన వెయ్యాలి. దిబ్బ మీద మాత్రం వెయ్యకూడదు. దిబ్బ మీద మొలిచిన గడ్డి వేళ్ళే దాన్ని పట్టుకుని ఉంటాయి, తొక్కితే దిబ్బ పోతుంది.

సౌండ్ వైపు లెక్క వేరు. అక్కడ చంద్రుడి మాట కంటే గాలి మాట ఎక్కువ చెల్లుతుంది. కోర్ సౌండ్ లోతు తక్కువ, ఈశాన్యం నుంచి నైరుతికి పొడుగ్గా ఉంటుంది. ఈశాన్యం అనగానే వాస్తు గుర్తొస్తోంది కొందరికి, ఇది ఆ ఈశాన్యం కాదు. గాలి ఈశాన్యం నుంచో నైరుతి నుంచో వీస్తే నీళ్ళని ఒక చివర నుంచి ఇంకో చివరికి తోసేస్తుంది. ఒకచోట ఒడ్డు మునుగుతుంది, ఇంకోచోట కయాక్, అంటే తెడ్డేసే చిన్న పడవ, అడుగు బురదకి తగులుతుంది. పోటు పట్టిక చూసి కయాక్‌లో బయలుదేరి, నీళ్ళు లేక మైలు దూరం దాన్ని ఈడ్చుకొచ్చేది అందుకే.

ఇప్పుడు టెంట్ గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ యాత్రలు ఇక్కడే పాడవుతాయి. టెంట్‌తో పాటు ఇచ్చే సన్నటి మేకులు మట్టికి చేసినవి. ఇసుకలో చేత్తో లాగితే వచ్చేస్తాయి, గాలి లాగితే రావా? రెండు దారులు. ఒకటి, 12 అంగుళాలకి తగ్గని వెడల్పాటి ఇసుక మేకులు కొనడం. రెండోది పైసా ఖర్చు లేనిది. మన బియ్యం బస్తా గుడ్డ సంచులు ఉంటాయి కదా, పది పౌండ్లవి, ఇరవై పౌండ్లవి. అవి దాచండి. ఒక్కోదాంట్లో ఇసుక నింపండి, మూతి కట్టండి, తాడు సంచి నడుముకి కట్టండి. అడుగున్నర గొయ్యి తీసి పాతిపెట్టి, పైన ఇసుక తొక్కండి. తాడు నిలువుగా పైకి రాకూడదు, టెంట్ వైపు ఏటవాలుగా రావాలి. అందుకని గొయ్యి నుంచి తాడు వచ్చే దారి కూడా చిన్న కాలవలా తవ్వాలి. ఈ ముక్క మర్చిపోతారు. నిలువుగా లాగితే సంచి పైకి లేస్తుంది, ఏటవాలుగా లాగితే ముందున్న ఇసుకంతా దాన్ని పట్టుకుంటుంది. నాలుగు మూలలకి నాలుగు, గాలి వచ్చే వైపు ఇంకో రెండు. మొత్తం ఆరు సంచులు, ఒక చిన్న పార.

టెంట్ పొట్టి వైపు గాలికి ఎదురుగా, తలుపు గాలికి వెనకగా. వేసవిలో ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి. కోల్డ్ ఫ్రంట్, అంటే చల్లగాలి అంచు ఒకటి దాటితే రాత్రికి రాత్రి ఉత్తరానికి, ఈశాన్యానికి తిరుగుతుంది. అంటే సాయంత్రం వెనకవైపు ఉన్న తలుపు తెల్లారేసరికి ఎదురుగా ఉంటుంది. ఫోర్‌కాస్ట్‌లో గాలి తిరుగుతుందని ఉంటే, తిరిగిన తర్వాతి దిక్కు చూసి వెయ్యండి.

పాప్-అప్ కానపీలు తీసుకురాకండి. నీడ కోసమే కదా అంటారు. ఆ నాలుగు కాళ్ళ షామియానా పార్కులో పుట్టినరోజుకి పనికొస్తుంది. అక్కడ గంటకి 20 మైళ్ళ గాలి మామూలు, అది గొడుగులా లేచి పక్కవాళ్ళ మీద పడుతుంది. దాని బదులు టార్పాలిన్ గుడ్డ ఒకటి నడుము ఎత్తులో, ఒక వైపు నేలకి ఆనించి కట్టుకోండి. దర్జాగా ఉండదు, కానీ నిలుస్తుంది.

నీళ్ళు. తాగే నీళ్ళన్నీ ఇంటి నుంచే తీసుకెళ్ళాలి. మనిషికి రోజుకి ఒక గ్యాలన్. నలుగురు, మూడు రోజులు, పన్నెండు గ్యాలన్లు. అంతేనా? కాదు. పడవ రాని రోజుకి ఇంకో నాలుగు. పదహారు. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు, పదహారు గ్యాలన్లంటే 130 పౌండ్లు దాటింది, మన లెక్కలో 60 కిలోలు. ఇసుకలో మొయ్యాలి. పిల్లల్ని కూర్చోబెట్టి లాగే సన్న చక్రాల బండి ఇసుకలో నాగలిలా దిగబడుతుంది. బెలూన్ టైర్ల బండి అద్దెకి తీసుకోండి, లేదంటే రెండు విడతలుగా మొయ్యండి. పడవలో సామాను ఎంత పడుతుందో టికెట్ కొనేముందే ఫోన్ చేసి అడగండి. నీళ్ళన్నీ ఒకే పెద్ద డబ్బాలో పొయ్యకండి. అది పగిలితే అన్నీ పోయినట్టే. సగం సీసాలు గడ్డకట్టించి కూలర్లో పెట్టండి, మొదటి రోజు ఐసు, రెండో రోజు మంచినీళ్ళు.

వంట. గాలిలో బ్యూటేన్ పొయ్యి మంట పక్కకి పడుకుంటుంది, గిన్నె వేడెక్కదు, సిలిండర్ అయిపోతుంది. అడ్డు పెట్టండి, కానీ పొయ్యి చుట్టూ నాలుగు వైపులా రేకు కట్టేయకండి. వేడి సిలిండర్‌కి తగిలి పేలే ప్రమాదం ఉంది. గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డు. టెంట్ లోపల వంట అసలు వద్దు, చలైనా సరే, వానైనా సరే. బియ్యం కడగడానికి మంచినీళ్ళు పొయ్యడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అటుకులు పట్టుకెళ్ళండి. ఇంట్లోనే వేయించిన రవ్వ, పోపు కలిపి డబ్బాలో పెట్టుకుంటే పది నిమిషాల్లో ఉప్మా. మొదటి పూటకి పులిహోర, తర్వాత పొడులు, ఊరగాయలు. పెరుగన్నం మొదటి సాయంత్రానికే తినేయండి. కాగితం ప్లేట్లు గాలికి ఎగిరి సముద్రంలో పడతాయి, స్టీలు కంచాలు తీసుకెళ్ళండి. ఇసుకతో తోమి, ఉప్పునీళ్ళలో కడిగి, ఆఖర్న చారెడు మంచినీళ్ళు. మన అమ్మమ్మలకి చెప్పక్కర్లేదు ఈ సంగతి. మిగిలిన అన్నం ఇసుకలో పాతకండి, రకూన్లు తవ్వుతాయి. తిండి అంతా గట్టి మూత డబ్బాలో పెట్టాలి. చెత్తకుండీలు ఉండవు, మీ చెత్త మీతోనే తిరిగి రావాలి.

మంట వేసుకోవచ్చా అని అడిగారు ఇందాక. వేసుకోవచ్చు, పోటు గీతకి కింద, నీళ్ళ వైపు. కొట్టుకొచ్చిన ఎండు కర్ర వాడండి, మేకులున్న చెక్కలు వద్దు. ఆర్పేటప్పుడు ఇసుక కప్పేసి పోకండి. ఇసుక కింద నిప్పు గంటలకొద్దీ ఉంటుంది, పైకి కనపడదు, పొద్దున్న పసిపిల్ల కాలు పెడుతుంది. బకెట్లతో నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పొయ్యండి.

దోమలు. మళ్ళీ గాలే. సముద్రపు గాలి ఆడుతున్నంతసేపూ ఉండవు, గాలి పడిపోగానే చిత్తడి నేలల్లోంచి లేస్తాయి. పడమటి గాలి వస్తే కుట్టే ఈగల్ని మోసుకొస్తుంది. అందుకే టెంట్ సముద్రం వైపే. బట్టలకి పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఒకరోజు ముందే కొట్టి పూర్తిగా ఆరబెట్టండి. తడి మందు పిల్లులకి విషం, ఇంట్లో పిల్లి ఉంటే జాగ్రత్త. ఒంటికి డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న దోమల మందు. కంటికి కనపడనంత చిన్న పురుగులు ఉంటాయి, నో-సీ-అమ్స్ అంటారు. వాటికి మామూలు దోమతెర ఆగదు, సన్న అల్లిక తెర ఉన్న టెంట్ చూసుకోండి. కాళ్ళకి చెప్పులు చాలవు, బూట్లు వేసుకోండి. మన పల్లేరు కాయల్లాంటివి గడ్డిలో ఉంటాయి, నాగజెముడు కూడా ఉంటుంది.

ఇప్పుడు సముద్రం. లైఫ్‌గార్డ్ లేడు. ఈ ఒక్క మాట పిల్లలకి కూడా చెప్పండి. రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి పారే నీటి లాగుడు, లోపలికి లాగితే ఒడ్డుకేసి ఈదకండి. అలిసిపోయి మునుగుతారు. తేలుతూ ఉండండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు వదిలాక ఒడ్డుకి రండి. మొగల దగ్గర, దీవి కొన దగ్గర ఈత అసలు వద్దు, అక్కడ ఆటు పోటు నీళ్ళు నదిలా పారతాయి. సౌండ్‌లో నడిచేటప్పుడు కాలు ఎత్తి వెయ్యకుండా ఈడ్చుకుంటూ నడవండి, ఇసుకలో దాక్కున్న టేకు చేప తప్పుకుంటుంది. కుడితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో కాలు పెట్టండి, తర్వాత డాక్టరు. ఉరుము వినపడితే? దాక్కునే చోటు లేదు. టెంట్ పిడుగు నుంచి కాపాడదు. నీళ్ళకి, టెంట్ కడ్డీలకి దూరంగా, ఒకరికొకరు ఎడంగా ఉండండి. ఫోర్‌కాస్ట్‌లో ఉరుములు రాసి ఉన్న రోజున వెళ్ళకపోవడమే మందు.

కారు వాళ్ళకి రెండు ముక్కలు. సియెన్నా, ఒడిస్సీ లాంటి మినీవ్యాన్లు వద్దు. నేలకి ఎత్తుగా ఉన్న ఫోర్ బై ఫోర్ కావాలి, పార్కు పర్మిట్ కావాలి. ఇసుక ఎక్కేముందే టైర్లలో గాలి 20 పీఎస్ఐకి దించండి. మెత్తబడిన టైరు వెడల్పై ఇసుక మీద తేలుతుంది. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కకండి, చక్రం తిరిగేకొద్దీ గొయ్యి లోతవుతుంది. దిగి, తవ్వి, ఇంకాస్త గాలి తీసి, వచ్చిన జాడలోనే వెనక్కి రండి. పార, లాగే పట్టీ, గాలి కొలిచే గేజ్, జాకీ, జాకీ కింద వేసే చెక్క దగ్గర ఉండాలి. తిరిగి తారు రోడ్డు ఎక్కేముందు మళ్ళీ గాలి కొట్టాలి.

రూల్స్ తొందరగా చెప్పేస్తాను. ఒక గుంపులో 25 మంది, ఆపైన ఉంటే ముందే అనుమతి కావాలి. మన వాళ్ళం ఆరు కుటుంబాలు కలిస్తే ఆ అంకె ఇట్టే దాటుతుంది, చూసుకోండి. గుర్రాలకి 50 అడుగుల దూరం. షాకిల్‌ఫర్డ్ మందలో గుర్రాలు 110కి తగ్గకూడదని, 120 నుంచి 130 దాకా ఉండేలా చూడాలని చట్టమే చెబుతోంది. వాటికి ఆపిల్ ముక్క పెడతామంటే కుదరదు. 16 ఏళ్ళు నిండినవాళ్ళు గాలం వెయ్యాలంటే రాష్ట్రం ఇచ్చే ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. వేసవిలో తాబేళ్ళు గుడ్లు పెడతాయి, పిల్లలు తవ్విన గోతులు సాయంత్రానికి పూడ్చండి, రాత్రి ఒడ్డున తెల్ల లైట్లు వద్దు. పక్షుల కోసం తాళ్ళు కట్టిన చోటికి వెళ్ళకండి.

దారి తప్పితే లైట్‌హౌస్ చూడండి. 1859లో కట్టింది, 163 అడుగులు. దాని మీద నలుపు తెలుపు డైమండ్లు ఉంటాయి కదా, అందానికి వేసినవి కావు. నల్లవి ఉత్తర దక్షిణాలకి, తెల్లవి తూర్పు పడమరలకి. రాత్రి పదిహేను సెకన్లకి ఒకసారి వెలుగుతుంది. ఎక్కనిస్తున్నారో లేదో మాత్రం వెళ్ళేముందు కనుక్కోండి.

సరే, వెళ్ళాలా వద్దా అని ఎప్పుడు తేల్చుకోవాలి? బుధవారం సాయంత్రం. న్యూపోర్ట్‌లోని నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసు ఇచ్చే మెరైన్ ఫోర్‌కాస్ట్ చూడండి. ఫోన్లో ఎండ బొమ్మ చూపించే యాప్ కాదు. గాలి నాట్లలో ఉంటుంది, ఒక నాట్ అంటే గంటకి 1.15 మైళ్ళు. శుక్రవారం ఎలా ఉందని కాదు, తిరిగి వచ్చే ఆదివారం ఎలా ఉందో చూడండి. ఆదివారానికి 20 నాట్లు, ఆపైన రాసి ఉంటే గానీ, స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ, అంటే చిన్న పడవలకి హెచ్చరిక ఉంటే గానీ వాయిదా వేసుకోండి. డబ్బు పోతుందంటారా? సోమవారం ఆఫీసుకి వెళ్ళలేకపోవడం, పిల్లాడి మందు అయిపోవడం దానికంటే ఖరీదు. మందులు కూడా ఒక రోజుకి ఎక్కువే పెట్టుకోండి. ఫోన్ సిగ్నల్ ఒకచోట ఉంటే ఇంకోచోట ఉండదు. బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఒకటి, వీలైతే పడవల వాళ్ళు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో ఒకటి. అందులో 16వ ఛానల్ ఆపదకి. ఇంట్లో ఒకరికి ఏ దీవి, ఏ పడవ, ఏ రోజు అని కాగితం మీద రాసి ఇచ్చి వెళ్ళండి.

తిరుగు రోజున పడవకి అరగంట ముందే రేవులో ఉండాలి. ఇసుకలో సామానుతో నడక మామూలు నడకకి రెండింతల సమయం తింటుంది, దానికి తగ్గట్టు టెంట్ విప్పడం మొదలుపెట్టండి. ఇంటికి వచ్చాక టెంట్ జిప్పులు మంచినీళ్ళతో కడగండి, ఉప్పు పట్టి బిగుసుకుపోతాయి. ఇంకొక్కటి, ఇది చాలామందికి తట్టదు. కారు ఇవతల ఒడ్డున ఉంటుంది, తాళం మీతో దీవికి వస్తుంది. రెండు రోజులు స్నానాలు, ఆటలు. ఇసుకలో పడిన తాళం మళ్ళీ దొరకదు. రెండు తాళాలూ తీసుకెళ్ళండి, ఇద్దరు మనుషుల దగ్గర, రెండు వేరే సంచుల్లో, జిప్పు ఉన్న అరలో పిన్నీసు పెట్టి.